ఆ చిన్న ముక్కను ఏ పరీక్షకు వాడాలి? ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇమ్యూన్ మార్కర్ల పోలిక

మా ల్యాబ్ రెడ్‌హిల్స్‌లో, ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. పొద్దున షట్టర్ ఎత్తేసరికే మెట్ల మీద ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. చేతిలో బట్టల షాపు కవరు. అందులో స్కాన్ ఫిల్ములు, డిశ్చార్జి సమ్మరీ, అడుగున ఎక్కడో దూదిలో చుట్టిన మైనపు బ్లాకు. పదహారేళ్లుగా ఆ బ్లాకుల్ని కోసేది నేనే. టెక్నీషియన్ని, డాక్టర్ని కాదు. మందు ఏది వాడాలో చెప్పే అర్హత నాకు లేదు. కానీ కౌంటర్ దగ్గర నన్ను రోజూ అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఇన్ని టెస్టులు రాసిండ్రు, అన్నీ చేయించాల్నా?"

అన్నీ అక్కర్లేదు. అయితే ఏది మానేయాలో తెలియాలంటే, ఒక్కో పరీక్ష అసలు ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో తెలియాలి. డబ్బు సంగతి సరే, అంతకంటే ముందు అయిపోయేది ఆ ముక్క. సీటీ చూస్తూ సూదితో తీసిన ముక్క అగరుబత్తి పుల్లకంటే సన్నగా, మహా అయితే సెంటీమీటరో ఒకటిన్నరో పొడవు ఉంటుంది. దాన్ని మైనంలో పొదిగి, మిల్లీమీటరులో దాదాపు 250వ వంతు మందంతో పొరలు తీస్తాం. అంత సన్నవే కదా, ఎన్నైనా వస్తాయి అనుకుంటారు. బ్లాకును మిషన్‌కు బిగించిన ప్రతిసారీ కోత సమంగా రావడానికి ముందు కొన్ని పొరలు చెక్కి పారేయాలి. ఇవాళ రెండు, వచ్చే వారం మూడు, ఆపై నెలలో ఇంకో నాలుగు అని విడతలవారీగా కోయిస్తే, పరీక్షకు వాడిన దానికంటే చెత్తబుట్టలోకి పోయిందే ఎక్కువవుతుంది.

ఇది నాకు మా మేనమామ విషయంలో బాగా తెలిసొచ్చింది. దగ్గు, బరువు తగ్గడం చూసి మొదట టీబీ అనుకుని నాలుగు నెలలు మందులు మింగించారు. చివరికి ఒక చోట ముక్క పరీక్ష చేశారు. అది ఏ రకం క్యాన్సరో తేల్చడానికే పదకొండు స్టెయిన్లు, అంటే పొరకు రంగు పట్టించి చూసే పరీక్షలు, వేసేశారు. మామూలుగా అయితే రెండు మూడింటితో తేలే పని: టీటీఎఫ్1, పీ40, అవసరమైతే ఇంకొకటి. బ్లాకు నా దగ్గరికి వచ్చేసరికి మైనం మాత్రమే మిగిలింది. మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి రెండు రోజులు ట్యూబుతో పడుకున్నాడు మామయ్య. "ఇంట్లో నువ్వున్నా ఇట్లయిందేందిరా" అని అత్తమ్మ అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఎన్నాళ్లు అనేది ఒక ప్రశ్న, ఏ మందు అనేది ఇంకొకటి

మార్కర్ అంటే ముక్కలోనో రక్తంలోనో కొలిచి చూసే గుర్తు. మార్కర్లలో రెండు జాతులున్నాయి. ఒకటి, ఏ మందు వాడినా వాడకపోయినా ఈ జబ్బు ఎలా నడిచే అవకాశం ఉందో చెప్పేది. రెండోది, ఫలానా మందు ఈ మనిషికి పనిచేస్తుందా లేదా అని చెప్పేది. ఇంటర్నెట్‌లో రెండింటినీ కలిపేసి "ఈ మార్కర్ ఎక్కువుంటే ఎక్కువకాలం బతుకుతారు" అని రాస్తారు. జనం దాన్ని చదివి ఆ పరీక్ష కావాలంటారు. మొదటి రకం పరీక్ష జవాబు ఏదొచ్చినా రేపు ఎక్కించే మందు మారదు. రెండో రకమైతే మారుతుంది. ముక్క చిన్నదైనప్పుడు రెండో రకానిదే మొదటి వాటా అని నా లెక్క.

పీడీ-ఎల్1: ఎక్కువగా రాసేది, ఎక్కువగా అపార్థం చేసుకునేది

మన ఒంట్లో రోగంతో పోరాడే టీ కణాల మీద పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది. తప్పుగా మన కణాలనే చంపేయకుండా ఉండటానికి ఒళ్లు పెట్టుకున్న బ్రేకు అది. క్యాన్సర్ కణం తన మీద పీడీ-ఎల్1 మొలిపించుకుని సరిగ్గా ఆ బ్రేకునే తొక్కుతుంది. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటి మందులు ఆ తొక్కుడును అడ్డుకుంటాయి. ఇమ్యూనోథెరపీ అనేది ఈ మందుల్నే. ఈ బ్రేకుల సంగతి వెలికితీసినందుకే 2018లో జేమ్స్ ఆలిసన్‌కు, తసుకు హోంజోకు నోబెల్ వచ్చింది.

స్లైడ్ మీద ఇది ఎలా కనిపిస్తుందో చెప్తాను. కణాల కేంద్రకాలన్నీ నీలంగా ఉంటాయి. పీడీ-ఎల్1 ఉన్న క్యాన్సర్ కణం చుట్టూ గోధుమరంగు గీత కనిపిస్తుంది, పెనం మీద దోశ అంచు ఎర్రబడినట్టు. డాక్టరుగారు చేసేది, బతికున్న క్యాన్సర్ కణాల్లో నూటికి ఎన్నింటికి ఆ అంచు ఉందో లెక్కకట్టడం. కనీసం 100 క్యాన్సర్ కణాలు ఉంటేనే ఆ లెక్కకు విలువ. ఇబ్బంది ఎక్కడంటే, మధ్యలో దూరిన మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలకు కూడా అదే రంగు పడుతుంది. వాటిని క్యాన్సర్ కణాలనుకుని కలిపేస్తే 10 శాతం కాస్తా 40 అవుతుంది. అందుకే ఈ రిపోర్టు ఊపిరితిత్తుల స్లైడ్లు రోజూ చూసే పెథాలజిస్టు చేతి మీదుగా రావడం ముఖ్యం. ల్యాబు పేరు ఎంత పెద్దదన్నది తర్వాతి మాట.

రిపోర్టులో మూడు గదులుంటాయి: 1 శాతం కంటే తక్కువ, 1 నుంచి 49, 50 ఆ పైన. ఈ 50 గీత ఊరికే వచ్చింది కాదు. 2016లో వెలువడిన కీనోట్-024 అనే మందుల పరీక్షలో (క్లినికల్ ట్రయల్) పీడీ-ఎల్1 50 శాతం దాటిన 305 మంది ముదిరిన దశ రోగుల్ని రెండు గుంపులు చేసి, ఒకరికి పెంబ్రోలిజుమాబ్, ఇంకొకరికి కీమో ఇచ్చారు. అయిదేళ్ల తర్వాత చూస్తే మొదటి గుంపులో నూటికి 32 మంది, రెండో గుంపులో 16 మంది బతికున్నారు. రెండో గుంపులోని చాలామంది మధ్యలో ఇమ్యూనోథెరపీకి మారినా తేడా అంత ఉంది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అయిదేళ్ల మాట ఎత్తడానికే జంకే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

అలాగని 80 శాతం వచ్చిందని స్వీట్లు పంచక్కర్లేదు. అదే పరీక్షలో గడ్డ చెప్పుకోదగ్గంత తగ్గింది నూటికి 45 మందికే. సున్నా వచ్చిందని ఏడవాల్సిన పనీ లేదు. ఒక అమ్మాయి మా కారిడార్లో రిపోర్టు పట్టుకుని "మా నాన్నకి జీరో వచ్చిందండీ, ఇక ఏమీ లేనట్టేనా" అని కూలబడిపోయింది. 2018 నాటి కీనోట్-189లో కీమోకు పెంబ్రోలిజుమాబ్ కలిపి ఇచ్చినప్పుడు, 1 శాతం కంటే తక్కువున్న వాళ్లకూ ఆయుష్షు పెరిగింది. సున్నా అంటే ఒక్క ఇమ్యూనోథెరపీ మీదే ఆధారపడటం కుదరదని అర్థం. అంతకుమించి ఏమీ కాదు.

ఇందులోనే ఇంకో చిన్న ఎంపిక ఉంది, పీడీ-ఎల్1కు అంటుకుని రంగు చూపించే ఏ యాంటీబాడీతో చేయించాలి అన్నది. 22సీ3, 28-8, ఎస్‌పీ263 మూడూ క్యాన్సర్ కణాల మీద దగ్గరదగ్గరగా ఒకే జవాబు ఇస్తాయి. ఎస్‌పీ142 మాత్రం తక్కువ చూపిస్తుంది. మీ రిపోర్టులో ఎస్‌పీ142 అని ఉండి, శాతం తక్కువొచ్చి ఉంటే, ఆ సంగతి డాక్టరుగారి దృష్టికి తీసుకెళ్లండి. బ్లాకు మూడేళ్లు దాటి పాతదైనా, ఎముక నుంచి తీసి యాసిడ్‌లో మెత్తబరిచిన ముక్క అయినా రంగు సరిగా పట్టదు. ఊపిరితిత్తి చుట్టూ చేరిందని తీసిన నీరు ఉంటే పారబోయనివ్వకండి. అందులోని కణాల్ని మైనంలో పొదిగి సెల్ బ్లాకుగా చేస్తే, కణాలు సరిపడా ఉంటే, ఇదే పరీక్ష అందులోనూ అవుతుంది.

అంతకంటే ముందు చేయించాల్సింది

ఇది ఇమ్యూన్ మార్కర్ కాదు, అయినా ఈ పోలికలో దీనిదే పెద్దపీట. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, ఆర్ఓఎస్1 అనే జన్యు మార్పుల పరీక్ష. మన దేశంలో ఎడినోకార్సినోమా (గ్రంథి కణాల్లో పుట్టే క్యాన్సర్) రకం వచ్చిన వాళ్లలో దగ్గరదగ్గర నలుగురిలో ఒకరికి ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటుంది. బీడీ, సిగరెట్టు ముట్టని ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ.

మామయ్యకు రెండోసారి తీసిన ముక్కలో పీడీ-ఎల్1 60 శాతం వచ్చింది. అది ముందొచ్చింది, జన్యు పరీక్ష ఇంకా రాలేదు. అమీర్‌పేటలో ఉండే బావ అప్పటికే ఇంటర్నెట్ అంతా తిరగేసి ఇమ్యూనోథెరపీకి డబ్బు సర్దుతున్నాడు, స్థలం బేరం పెట్టాడు కూడా. "ఇంకొక్క వారం ఆగు బావా" అని కాళ్లావేళ్లా పడ్డాను. ఎనిమిదో రోజు ఈజీఎఫ్ఆర్ ఎక్సాన్ 19 డిలీషన్ అని, అంటే ఆ జన్యు మార్పు ఉందని వచ్చింది. మందు మొత్తం మారిపోయింది, రోజుకో మాత్ర.

ఎందుకు ఆగాలంటే, 60 శాతమున్నా ఈజీఎఫ్ఆర్ ఉన్న గడ్డ ఇమ్యూనోథెరపీకి పెద్దగా లొంగదు. ఇలాంటి జన్యు మార్పులున్న 551 మందిని లెక్కతీసి 2019లో అచ్చేసిన సమాచారంలో, ఒక్క ఇమ్యూనోథెరపీతో గడ్డ తగ్గింది ఈజీఎఫ్ఆర్ వాళ్లలో నూటికి 12 మందికి, ఏఎల్‌కే వాళ్లలో ఒక్కరికీ కాదు. పైగా ముందు ఇమ్యూనోథెరపీ ఎక్కించి, వెంటనే ఈజీఎఫ్ఆర్‌కు వాడే ఓసిమెర్టినిబ్ మాత్ర మొదలుపెడితే ఊపిరితిత్తుల వాపు ప్రమాదంగా మారే అవకాశం పెరుగుతుంది. తిరగేసిన వరుసలో అంత ప్రమాదం కనిపించలేదు. అంటే ఏ పరీక్ష ముందన్నది ఇక్కడ మర్యాద కోసం అడిగే మాట కాదు, మనిషి ఊపిరికి సంబంధించినది. రోగి ఆయాసంతో పడకపట్టి ఉంటే వారం ఆగమని నేను చెప్పను, అది డాక్టరు చూసుకునేది. అలాంటప్పుడు కీమో ఒక్కటే మొదలుపెట్టి, రిపోర్టు వచ్చాక మిగతాది కలపడం నేను చాలాసార్లు చూశాను.

సీడీ8, సీడీ3, ఫాక్స్‌పీ3: చూడటానికి అందం, జేబుకు అనవసరం

నాకు ఇష్టమైన స్లైడ్లు ఇవే, దాచుకోను. సీడీ8 అంటే క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపే టీ కణాల గుర్తు. ఆ స్టెయిన్ వేసి చూస్తే గడ్డల్లో మూడు రకాల బొమ్మలు కనబడతాయి. ఒకదాంట్లో గోధుమరంగు చుక్కలు గడ్డ గూళ్లలోకి, అంటే క్యాన్సర్ కణాల గుంపుల్లోకి దూరి, పొలంలో దిగిన కొంగల్లా అంతటా పరుచుకుని ఉంటాయి. ఇంకోదాంట్లో గట్టు మీదే బారులు తీరి నిలబడతాయి, లోపలికి ఒక్కటీ దిగదు. మూడోదాంట్లో అసలు ఏమీ ఉండవు, ఎండిన చెరువే.

మొదటి రకం వాళ్లు మేలుగా ఉంటారని చాలా పరిశోధనల్లో తేలింది. నార్వే, డెన్మార్క్‌లలో ఆపరేషన్ చేయించుకున్న 797 మంది ముక్కల్ని చూసి 2015లో వెలువరించిన పనిలో, గడ్డ గూళ్ల మధ్య ఉండే కణజాలంలో సీడీ8 దట్టంగా ఉన్నవాళ్లు అదే దశలోని మిగతావాళ్లకంటే ఎక్కువకాలం బతికారు. పారిస్ పరిశోధకులు 2008లోనే ఇంకో మాట చెప్పారు: గడ్డ పక్కన లింఫు గ్రంథిలాంటి చిన్న చిన్న గుంపులు కట్టిన వాళ్లకు ఫలితం మెరుగు అని. దీనికి ఎదురుగా ఫాక్స్‌పీ3 ఉండే కణాలు, అంటే రోగనిరోధక శక్తిని చల్లార్చేవి, ఎక్కువుంటే ఫలితం తగ్గుతుందని చాలా చోట్ల కనిపించింది. సీడీ163 ఉన్న మాక్రోఫేజులదీ ఇంచుమించు అదే కథ.

మరి చేయించుకోవద్దని ఎందుకంటున్నాను? ఒకటి, ఎన్ని చుక్కలుంటే ఎక్కువ, ఎన్నుంటే తక్కువ అన్నదానికి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అందరూ ఒప్పుకున్న గీత లేదు. పెద్దపేగు క్యాన్సర్‌లో సీడీ3 (టీ కణాలన్నింటికీ ఉండే గుర్తు), సీడీ8 కలిపి లెక్కకట్టే ఇమ్యూనోస్కోర్ పద్ధతి ఒక కొలిక్కి వచ్చింది, ఇక్కడ ఇంకా రాలేదు. రెండు, ఆపరేషన్ చేసి తీసిన నిమ్మకాయంత గడ్డలో ఈ కణాల్ని లెక్కపెట్టొచ్చు. అగరుబత్తి పుల్లంత ముక్కలో పెడితే, ఇంటి కిటికీలోంచి చూసి హైదరాబాద్ ట్రాఫిక్ ఎంతుందో చెప్పినట్టుంటుంది. మూడు, జవాబు ఏదొచ్చినా మందు మారదు. ఏదైనా ఆసుపత్రిలో పరిశోధన కింద ఉచితంగా చేస్తామంటే, ముక్క మిగిలి ఉంటే, సంతోషంగా ఇవ్వండి. ప్యాకేజీలో కలిపి బిల్లు వేస్తుంటే మాత్రం "ఇది వస్తే ట్రీట్‌మెంట్‌లో ఏం మారుతుంది సార్?" అని అడగండి. అడిగితే డాక్టర్లు కోపగించుకోరు. మహా అయితే ఒక నిమిషం ఆలోచిస్తారు.

మీ చేతిలో ఇప్పటికే ఉన్న మార్కర్

సీబీపీ, అంటే రక్తకణాల లెక్క రిపోర్టు తీయండి. అందులో రెండు రకాల తెల్ల రక్తకణాలుంటాయి: న్యూట్రోఫిల్స్ ఎంత, లింఫోసైట్స్ ఎంత? మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 78, 12 ఉంటే 6.5. దీన్ని ఎన్‌ఎల్‌ఆర్ అంటారు. ఇది ఎక్కువున్న వాళ్లలో, కీమోలోనైనా ఇమ్యూనోథెరపీలోనైనా, ఫలితం తక్కువగా ఉంటుందని పదేపదే కనిపించింది. గీత 3 దగ్గరా 5 దగ్గరా అన్నదాని మీద ఒక్కో పరిశోధనది ఒక్కో మాట. దీనికే కాస్త మార్పు చేసి, రక్తంలో కొలిచే ఎల్‌డీహెచ్ అనే ఎంజైమును కూడా కలిపి 'లిపి' అనే లెక్క 2018లో వచ్చింది. పేరు మన భాషలోనే పెట్టినట్టుంది, నాకు నచ్చింది.

దీని మంచితనం, ఖర్చు లేదు, ముక్క అక్కర్లేదు. చెడ్డతనం, చిన్న గాలికే ఊగిపోతుంది. నిమోనియా వస్తే పెరుగుతుంది. ఆయాసానికో, మెదడు వాపుకో డెక్సామెథసోన్ ఇస్తే అమాంతం పెరుగుతుంది. ఫోన్లో క్యాలిక్యులేటర్ పెట్టుకుని ప్రతి వారం భాగించి టెన్షన్ పడేవాళ్లను చూశాను. అలా చేయకండి. స్టెరాయిడ్ మొదలుపెట్టకముందు, జ్వరం లేనప్పుడు చేసిన సీబీపీ ఒక్కటి ఫైల్లో ఉంటే డాక్టరుగారికి అది పనికొచ్చే సమాచారం. దాని ఆధారంగా ఒక మందు ఇవ్వాలని, ఒకటి మానాలని ఎవరూ చెప్పరు.

టీఎంబీ, రక్తంతో చేసే జన్యు పరీక్ష

టీఎంబీ అంటే గడ్డ డీఎన్ఏలో ఎన్ని మార్పులు పోగయ్యాయో లెక్క. మార్పులు ఎక్కువుంటే టీ కణాలకు గడ్డ పరాయిదిగా తొందరగా కనబడుతుందని ఆలోచన. డీఎన్ఏలో పది లక్షల అక్షరాలకు 10 మార్పులు, ఆ పైన ఉంటే పెంబ్రోలిజుమాబ్ వాడొచ్చని అమెరికాలో 2020లో అనుమతి ఇచ్చారు, అదీ వేరే దారులు మూసుకుపోయిన గడ్డలకు. ఊపిరితిత్తుల విషయంలో పీడీ-ఎల్1 చేతిలో ఉన్నాక ఇది కొత్తగా తేల్చేది తక్కువ. విడిగా దీని కోసమే డబ్బు పెట్టకండి. చాలా జన్యువుల్ని ఒకేసారి చదివే పెద్ద ఎన్‌జీఎస్ ప్యానెల్ ఎలాగూ చేయిస్తుంటే దాంతో పాటే వస్తుంది. ఆ ప్యానెల్లో ఎస్‌టీకే11, కీప్1 అనే జన్యువుల్లో మార్పులు కనిపిస్తే ఇమ్యూనోథెరపీ ఫలితం మందగించే అవకాశం ఉందని డాక్టర్లు చూసుకుంటారు.

ముక్క అయిపోయింది, మళ్లీ సూది గుచ్చే ఓపిక లేదు అన్నవాళ్లకు రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ మంచి దారి. అందులో ఈజీఎఫ్ఆర్ కనబడితే నమ్మొచ్చు. కనబడకపోతే లేదని కాదు, గడ్డ రక్తంలోకి డీఎన్ఏ వదలకపోయి ఉండొచ్చు. ఒక సంగతి గుర్తుంచుకోండి, మామూలుగా వాడే పీడీ-ఎల్1 శాతం రక్తంలో తేలదు, దానికి కణాలే కావాలి.

ఎవరికి ఏది

స్మాల్ సెల్ (చిన్న కణాల) రకం అని వస్తే పీడీ-ఎల్1 కోసం పరుగెత్తకండి. ఆ జబ్బులో కీమోతో కలిపే ఇమ్యూనోథెరపీ మందులు అటెజోలిజుమాబ్, డుర్వాలుమాబ్‌లను ఈ శాతం చూడకుండానే ఇస్తారు. నూటికి 15 మందిది ఈ రకం.

నాన్ స్మాల్ సెల్ (ఎడినోకార్సినోమా, స్క్వామస్ లాంటి మిగతా రకాలు), నాలుగో దశ అయితే నా వరుస ఇది: ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, ఆర్ఓఎస్1, పీడీ-ఎల్1 నాలుగింటికీ ఒకేసారి పొరలు కోయించాలి. డబ్బు సర్దుబాటైతే మొదటి మూడింటి బదులు ఎన్‌జీఎస్. రిపోర్టుకు రెండు మూడు వారాలు పడుతుంది, ఆ ఓపిక ఉండాలి. స్క్వామస్ రకమై, ఏళ్ల తరబడి సిగరెట్టు కాల్చిన మనిషైతే జన్యు మార్పు దొరికే అవకాశం తక్కువ, అక్కడ పీడీ-ఎల్1కే ముందు చోటు.

మూడో దశలో ఆపరేషన్ కుదరక కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చాక డుర్వాలుమాబ్ ఏడాది పాటు ఇచ్చే పద్ధతి ఉంది. పసిఫిక్ అనే పరీక్షలో అయిదేళ్లకు 43 శాతం మంది బతికున్నారు, మందు లేని గుంపులో 33 శాతం. యూరప్‌లో దీనికి పీడీ-ఎల్1 కనీసం 1 శాతం ఉండాలంటారు, అమెరికాలో ఆ షరతు లేదు. ఖర్చు లక్షల్లో ఉండే మందు కాబట్టి, మనలాంటి ఇళ్లలో ఆ శాతం తెలుసుకుని నిర్ణయించుకోవడం తెలివైన పని. ఇక్కడా ఈజీఎఫ్ఆర్ సంగతి ముందు తేల్చుకోవాలి.

తొలిదశలో ఆపరేషన్ అయినవాళ్లకు నేను చెప్పేది వేరే. ఎన్నాళ్లు అన్న ప్రశ్నకు అక్కడ ఏ ఇమ్యూన్ మార్కరూ దశను మించి చెప్పలేదు. మరీ చిన్న గడ్డగా ఉన్నప్పుడు దొరికితే అయిదేళ్లకు నూటికి 90 మంది దాకా ఉంటారు, మూడో దశ మొదట్లో 36 మంది. ముందు దశ చూడాలి, తర్వాత మనిషి తన పనులు తాను చేసుకోగలుగుతున్నాడా అన్నది చూడాలి. మార్కర్ల వంతు ఆ తర్వాతే.

ఆరోగ్యశ్రీ కార్డుంటే, పరిమితి 10 లక్షలకు పెరిగింది కదా అని అన్నీ అందులో వస్తాయనుకోకండి. ఏ పరీక్ష ప్యాకేజీలో ఉంది, ఏది చేతి నుంచి పెట్టుకోవాలి అన్నది బ్లాకు ఇవ్వకముందే ఆరోగ్యమిత్రను అడగండి. నిమ్స్ అయినా, ఎంఎన్‌జె అయినా, ప్రైవేటైనా అడగాల్సిన మాట ఇదే.

బ్లాకు మీది. మొదట ముక్క తీసిన చోట దరఖాస్తు రాసిస్తే ఇస్తారు. నంబరు రిపోర్టులో ఉన్నదీ బ్లాకు మీద ఉన్నదీ ఒకటేనా అని అక్కడే చూసుకోండి. తెచ్చేటప్పుడు స్కూటర్ డిక్కీలో మాత్రం పెట్టకండి. ఎల్బీనగర్ నుంచి మే నెల మధ్యాహ్నం అలా తెచ్చిన బ్లాకొకటి నా టేబుల్ మీదికొచ్చేసరికి మైనం మెత్తబడి వాలిపోయింది, దాన్ని మళ్లీ పొదగడానికి ఒక రోజు పట్టింది. చొక్కా జేబులో పెట్టుకుని మెట్రో ఎక్కండి, అసెంబ్లీ స్టేషన్లో దిగితే ఆటో కూడా అక్కర్లేదు.